మావాడికి ఎవరున్నారు?

సంక్రాంతి సెలవులకు మఠంపల్లి వెళ్లినప్పుడు మా అక్క ఇంటి అరుగు మీద ఇద్దరు పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఒకరు నా కూతురు. హైదరాబాద్‌లో ఐదో తరగతి చదువుతోంది. పేరున్న ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరో తరగతి సీటు కోసం త్వరలో ప్రవేశ పరీక్ష రాయబోతోంది. రెండోవాడు నా మేనల్లుడు, ఆమె కంటే ఏడాది చిన్న. ఊళ్లో సర్కారు బడిలో నాలుగో తరగతి. గురుకులంలో ఐదో తరగతి సీటు కోసం ఫిబ్రవరిలో జరిగే పరీక్షకు చదువుతున్నాడు.

నా కూతురి సంచిలో ఐదు అభ్యాస పుస్తకాలున్నాయి. ప్రతి ఆదివారం రాసిన నమూనా పరీక్షల మార్కుల పత్రాలు వేరే అట్టలో ఉన్నాయి. మేనల్లుడి దగ్గర ఒకే ఒక్క గైడు ఉంది. అదీ ఎవరో వాడినది, సగం జవాబులకు ముందే పెన్సిలు గీతలు పడి ఉన్నాయి. ఊరికే కూర్చోవడం ఎందుకని ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చాను. లెక్కల్లో మావాడు నా కూతురిని దాటిపోయాడు. తల్లితోపాటు మిరప కోతకు వెళ్లి, కిలోల లెక్కన కూలి ఎంత వస్తుందో నోటితో చెప్పడం అలవాటైన పిల్లవాడు. కానీ జవాబు పత్రంలో వృత్తాన్ని నింపాలని వాడికి తెలియదు. ప్రతి వృత్తం పక్కన ఒక టిక్కు పెట్టాడు. యంత్రం లెక్కలో వాడి మార్కులు సున్నా. నా కూతురికి తెలియని ప్రశ్నలు కూడా చాలా ఉన్నాయి. కానీ నాలుగు జవాబుల్లో కచ్చితంగా కాని రెండింటిని తీసేసి, మిగిలిన రెండింటిలో ఒకటి ఎంచుకోవాలని ఆమెకు తెలుసు. తెలియనిదానికి కూడా మార్కు రాబట్టే ఈ విద్యను ఆమెకు డబ్బిచ్చి నేర్పించాను.

మా అక్క గడప దగ్గర నిలబడి ఇదంతా చూసింది. ‘మీ పాపకు నువ్వున్నావు. మావాడికి ఎవరున్నారు తమ్ముడూ?’ అంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నా దగ్గర జవాబు కూడా లేదు.

ఆ వయసులో నేనూ ఒక ప్రవేశ పరీక్ష రాశాను. 1986 జాతీయ విద్యా విధానంతో విస్తరించిన నవోదయ విద్యాలయాల్లో ఉమ్మడి నల్లగొండ జిల్లాకు దక్కినది చలకుర్తిలో ఉంది. మా బడి సారు దరఖాస్తు తానే నింపి, పరీక్ష రోజు మమ్మల్ని హుజూర్‌నగర్ తీసుకెళ్లాడు. ప్రశ్నపత్రం నిండా బొమ్మలు. ఈ బొమ్మ అద్దంలో ఎలా కనిపిస్తుంది అని అడిగారు. మా ఇంట్లో అద్దం లేక కాదు, నాన్న గడ్డం గీసుకునే పగిలిన అద్దం ముక్క గూట్లో ఉండేది. అద్దం గురించి కూడా ప్రశ్న ఉంటుందని, దాన్ని చూడడానికి ఒక పద్ధతి ఉంటుందని మా వాడలో ఎవరికీ తెలియదు. నాకు సీటు రాలేదు. నాతోపాటు రాసిన ఒక ఉపాధ్యాయుడి కొడుక్కి వచ్చింది. అతను నిజంగానే బాగా చదివేవాడు, ఇప్పటికీ నాకు మిత్రుడు. అతని సీటును నేను తప్పుపట్టడం లేదు. పదేళ్లకే చాలదని తేలిపోయిన ఆ బుర్రతోనే నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో, సంక్షేమ హాస్టల్లో చదువుకుని, పీహెచ్‌డీ చేసి, ఇవాళ ఇతరుల సిద్ధాంత వ్యాసాలను మదింపు చేస్తున్నాను. దీన్ని విజయగాథగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. అదే గదిలో పరీక్ష రాసిన మా మాదిగ వాడ పిల్లలు మరో ఇద్దరు తర్వాత సున్నపురాయి గనుల్లో పనికి పోయారు. వాళ్ల బుర్ర నాకంటే తక్కువదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

పదేళ్ల వయసులో పెట్టే పోటీ పరీక్ష పిల్లవాడి కంటే ముందు ఇంటిని కొలుస్తుంది. ఆ ఇంట్లో చదువు ఎన్ని తరాల నుంచి ఉంది, ఆదివారం పూట పిల్లవాడి పక్కన కూర్చునే తీరిక ఎవరికి ఉంది, నెలకు కొన్ని వేలు శిక్షణకు కట్టగల స్తోమత ఉందా, పరీక్ష అనే తంతు మర్మం తెలిసిన మనిషి ఒక్కరైనా ఉన్నారా అన్నది మొదట తేల్చుకుని, ఆ తర్వాత మిగిలిన కాస్త చోటులో పిల్లవాడి తెలివిని చూస్తుంది. మన సమాజంలో ఈ నాలుగూ కులాన్ని బట్టి పంపిణీ అయి ఉన్నాయి. అందువల్ల కులం పేరు ఎత్తకుండానే కులాన్ని వడపోసే యంత్రంగా ప్రవేశ పరీక్ష పనిచేస్తుంది. దాని ఫలితానికి ‘ప్రతిభ’ అని పేరు పెట్టగానే గెలిచినవాడికి గర్వమూ ఓడినవాడికి సిగ్గూ మిగులుతాయి. వ్యవస్థను నిలదీయాల్సిన ప్రశ్న పదేళ్ల పిల్లవాడి మీదికి మళ్లుతుంది.

మా ప్రాంతంలో ఈ పంపిణీ ఎలా జరిగిందో చూడడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, సాగర్ కాలువ వెంట నడిస్తే చాలు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు పచ్చబడ్డాయి. నీళ్లు భూమి ఉన్నవాడి పొలంలోకే పారతాయి. భూమి ఎవరి చేతుల్లో ఉందో చెప్పాల్సిన పని లేదు. నీళ్లు ధాన్యమయ్యాయి, ధాన్యం మిర్యాలగూడలో రైసు మిల్లులైంది, మిల్లుల మిగులు పట్నంలో ఇళ్లూ, పిల్లల చదువులూ అయింది. ఆ చదువులు రెండో తరంలో అమెరికా చేరాయి. ఆధిపత్య కులాల్లోనూ కాలువ కిందికి రాని బక్క రైతులున్నారు, నేను కాదనను. కానీ మా వాడలో ఏ ఇంటికీ ఆ కాలువ మిగులు చేరలేదు. నాట్లకూ కోతలకూ కూలి మాత్రం చేరింది. తర్వాత సిమెంటు ఫ్యాక్టరీలు వస్తే లోడింగ్ పని చేరింది. తండాల్లోని లంబాడా కుటుంబాలదీ ఇంచుమించు ఇదే కథ. పొలానికి నీళ్లు పెట్టినట్టే పిల్లవాడికి చదువు పెట్టగలిగిన ఇళ్లు, పెట్టలేని ఇళ్లు అరవై ఏళ్లుగా పక్కపక్కనే పెరుగుతూ వచ్చాయి. అరవై ఏళ్ల తేడాను రెండు గంటల పరీక్షలో కొలిచి దానికి ర్యాంకు అని పేరు పెడుతున్నాం.

ఒకప్పుడు ఈ వడపోత ఇంటర్ తర్వాత ఉండేది. ఐఐటీ రామయ్యగా పేరుపడ్డ చుక్కా రామయ్య గారి నల్లకుంట తరగతుల్లో చేరడానికి ప్రవేశ పరీక్ష ఉండేది. ఆ ప్రవేశ పరీక్షకు కూడా శిక్షణ ఇచ్చేవారట అని మేం విద్యార్థులుగా ఉన్నప్పుడు నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు నవ్వడానికి ఏమీ మిగల్లేదు. ‘ఫౌండేషన్’, ‘ఒలింపియాడ్’ అనే పేర్లతో వడపోత ఆరో తరగతికి దిగింది. కొన్నిచోట్ల దాన్ని పరీక్ష అని కూడా అనరు, ‘స్కాలర్‌షిప్ టెస్ట్’ అంటారు. ఎక్కువ మార్కులు వచ్చినవాడికి ఫీజులో రాయితీ. రాయితీ ఎక్కువగా అవసరమైన పిల్లవాడు ఆ పరీక్ష దాకా రానే రాడు. చేరాక మార్కులను బట్టి సెక్షన్లు. మంచి ఉపాధ్యాయులు పై సెక్షన్‌కు, మిగిలినవారు కింది సెక్షన్‌కు. పదకొండేళ్ల పిల్ల తాను ఏ మెట్టు మీద ఉందో సెక్షన్ పేరును బట్టి తెలుసుకుంటుంది. మెట్లు కట్టడంలో మనకు రెండు వేల ఏళ్ల అనుభవం ఉంది మరి. అజంతా సుబ్రమణియన్ 2019లో వెలువడిన తన గ్రంథంలో ఐఐటీల్లో కుల వారసత్వం ప్రతిభగా ఎలా చెలామణి అవుతుందో వివరించారు. యౌవనంలో అడుగుపెట్టినవారి దగ్గర ఆమె చూసినదాన్ని మన పట్టణాల్లో ఐదో తరగతి పిల్లల దగ్గరే చూడవచ్చు.

ఇంతకీ ఈ పరీక్షలు చట్టబద్ధమేనా? 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్, ప్రవేశ సమయంలో పిల్లలనుగానీ తల్లిదండ్రులనుగానీ ఎలాంటి వడపోతకూ గురిచేయరాదని చెబుతుంది. వడపోత అంటే ఏమిటో అదే చట్టం రెండో సెక్షన్ నిర్వచించింది: యాదృచ్ఛికంగా ఎంపిక చేయడం కాకుండా, ఒక బిడ్డను కాదని మరొక బిడ్డను చేర్చుకునే ఏ పద్ధతైనా వడపోతే. ఉల్లంఘిస్తే మొదటిసారి 25 వేల రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. సుప్రీంకోర్టు ఈ చట్టం పరిధి నుంచి తప్పించిన మైనారిటీ సంస్థలను పక్కన పెడితే, ఎనిమిదో తరగతి వరకు ఉన్న ప్రైవేటు పాఠశాలలు ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టడం ఈ నిర్వచనానికి ఎలా సరిపోతుందో విద్యాశాఖ చెప్పాలి. పత్రికల్లో, ఫ్లెక్సీల మీద పరీక్ష తేదీలు బహిరంగంగానే కనిపిస్తాయి. చాటుమాటు వ్యవహారం కాదు. అదే చట్టం 12వ సెక్షన్ ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వమంది. సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో దాన్ని సమర్థించింది. పొరుగున ఆంధ్రప్రదేశ్ ఆలస్యంగానైనా అమలు మొదలుపెట్టింది. తెలంగాణ ఏర్పడ్డాక పదేళ్లు దాటినా ఇక్కడ ఆ సెక్షన్ కాగితం మీదే ఉండిపోయింది. గురుకులాలు ఉన్నాయి కదా అన్నది మన ప్రభుత్వాల సమాధానం.

గురుకులాల గురించి నేను జాగ్రత్తగా మాట్లాడాలి. 1971లో సర్వేల్‌లో మొదలైన ఆలోచన, 1980లలో ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల చొరవతో దళిత వాడల దాకా వచ్చింది. అది మా కులాలకు తెరుచుకున్న అతి పెద్ద తలుపు. దాని మీద రాయి వేసేవాళ్లలో నేను లేను. కానీ ఆ తలుపు ముందు కూడా ఇవాళ వంద మార్కుల పరీక్ష ఉంది. తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, మానసిక సామర్థ్యం. గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల వార్షికాదాయం దాటని ఇళ్ల పిల్లలే రాస్తారు కాబట్టి పోటీ పేదల మధ్యే. అయితే ఆ పేదల్లోనే అప్పు చేసి కోదాడలోనో సూర్యాపేటలోనో పిల్లవాడిని కొన్ని నెలలు శిక్షణలో పెట్టగలిగినవాళ్లు ఒక మెట్టు పైన ఉంటారు. మా బావ లాంటి కాంట్రాక్టు కూలీకి ఆ అప్పు కూడా పుట్టదు. వర్గీకరణ కోసం 1994 నుంచి మూడు దశాబ్దాలు ఉద్యమించిన కులంలో పుట్టాను. అణగారినవాళ్లందరూ ఒకే ఎత్తులో లేరన్నది ఆ ఉద్యమం నాకు నేర్పిన మొదటి పాఠం. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అది చట్టంగా అమల్లోకి వచ్చింది. ఆ పాఠం కులం గడప దగ్గరే ఆగిపోదు. ఒకే తల్లి పిల్లలమైన నేనూ మా అక్కా ఒకే ఎత్తులో లేము. మా పిల్లలూ లేరు.

ఇక్కడ ఒకరు తప్పకుండా లేచి, ‘అందుకే కదా మీలాంటివాళ్లకు రిజర్వేషన్ వద్దంటున్నాం’ అంటారు. వాళ్లకు ఒక్కమాట. నా కూతురు రాస్తున్నది రిజర్వేషన్ లేని ప్రైవేటు బడి పరీక్ష. అక్కడ ఆమె సీటు వల్ల నా మేనల్లుడు కోల్పోయేది ఏమీ లేదు. మా ఇంట్లో ఒక తరానికి వచ్చిన చదువును చూపించి మా వాడ మొత్తానికి తలుపు మూయాలనుకునేవాళ్లు, ఆ బడిలో తరతరాల చదువుతో వచ్చి కూర్చున్న పిల్లలను ఆ ప్రశ్న ఎప్పుడూ అడగరు.

దీనికంటే బరువైన అభ్యంతరం మన వైపు నుంచే వస్తుంది. నా విద్యార్థులే అడుగుతారు: పరీక్ష తీసేస్తే సీటు ఎమ్మెల్యే ఉత్తరానికీ డబ్బుకీ పోతుంది కదా సార్, పరీక్షకు కనీసం ముఖం చూసే అలవాటు లేదు కదా? నిజమే. మౌఖిక పరీక్షల్లో ఇంటిపేరు వినగానే మారిపోయే ముఖాలను చూసినవాడిగా, ముఖం చూడని పరీక్ష విలువ నాకు తెలుసు. అంబేడ్కర్ తరం నుంచి మనం పరీక్షను నమ్ముకున్నది ఊరికే కాదు. కానీ ముఖం చూడని మరో పద్ధతి కూడా ఉంది. లాటరీ. అది మనకు కొత్తదేమీ కాదు. జాగీర్దార్ల పిల్లల కోసం 1923లో మొదలై, తర్వాత హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌గా మారిన విద్యాసంస్థలో గిరిజన పిల్లలకు కేటాయించే ఒకటో తరగతి సీట్లకు కలెక్టరేట్లలో చీటీలు తీస్తారు. ఎస్సీ, ఎస్టీ పిల్లలను ప్రైవేటు బడులకు పంపే బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకంలోనూ అదే పద్ధతి. (ఆ పథకం కింద ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు బకాయిలు పేరుకుపోయి, పిల్లలను బడి గేటు దగ్గరే ఆపిన వార్తలూ చదివాం. అది వేరే వ్యాసం.) అంటే పేద పిల్లలకు చీటీ, ఉన్నవాళ్ల పిల్లలకు ప్రతిభ. ఒకే బడిలో రెండు రకాల తలుపులు. చీటీ అందరికీ ఎందుకు పనికిరాదు?

పనికొస్తుందని దక్షిణ కొరియా చేసి చూపింది. అక్కడ ఒకప్పుడు మాధ్యమిక పాఠశాలలో చేరాలంటే ప్రాథమిక బడి పిల్లలు పోటీ పరీక్ష రాయాల్సి వచ్చేది. 1964 డిసెంబర్‌లో సియోల్‌లో పెట్టిన పరీక్షలో, ఒక రకం జిగురు మిఠాయి చేయడానికి మొలకధాన్యం బదులు ఏది వాడవచ్చని అడిగారు. ముల్లంగి రసం అని రాసిన పిల్లలకు మార్కు ఇవ్వలేదు. ఆ ఒక్క మార్కుతో సీటు పోగొట్టుకున్న పిల్లల తల్లులు ముల్లంగి రసంతోనే మిఠాయి వండి తెచ్చి, తిని చూడండని అధికారుల ముందు పెట్టారు. వివాదం కోర్టుకెక్కింది. వాళ్లు గెలిచారు, పిల్లలకు సీట్లు వచ్చాయి. కానీ పన్నెండేళ్ల పిల్లల భవిష్యత్తు ఒక ముల్లంగి మీద ఆధారపడడం ఏమిటన్న ప్రశ్న దేశమంతా పాకింది. 1969లో సియోల్‌తో మొదలుపెట్టి మాధ్యమిక ప్రవేశ పరీక్షను రద్దు చేసి, లాటరీతో బడులు కేటాయించారు. దాంతో కొరియాలో ట్యూషన్ల జాడ్యం పోయిందని చెప్పను, అది పై తరగతులకు ఎక్కి కూర్చుంది. కానీ ఆ వయసు పిల్లల మెడ మీద నుంచి ఒక కత్తి తప్పింది. ఆ తర్వాత ఆ దేశంలో చదువేమీ పడిపోలేదు.

లాటరీ మింగుడుపడని వాళ్లకు ఇంటి దగ్గరే మరో నమూనా ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించినప్పుడు ప్రత్యేక ప్రవేశ పరీక్ష పెట్టలేదు. పదో తరగతి ఫలితాలే ఆధారం. దాంతోపాటు ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు వెనుకబాటు పరిగణన కింద అదనపు స్కోరు కలిపారు. గ్రేడ్లు వచ్చాక అది 0.4 పాయింట్లు. మిరప చేనుకు వెళ్లి వచ్చి చదివిన పిల్లవాడి తొమ్మిదీ, ఇద్దరు ట్యూషన్ మాస్టర్లు చదివించిన పిల్లవాడి తొమ్మిదీ ఒకటి కావని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం అంకెల్లో ఒప్పుకున్న సందర్భం అది. పదిహేనేళ్ల వాళ్లకు వర్తించిన న్యాయం తొమ్మిదేళ్ల వాళ్లకు వర్తించదా? గురుకుల పరీక్షను ఇవాళే ఎత్తేయమని నేననడం లేదు. ఒక కనీస స్థాయి దాటినవాళ్లందరి పేర్లూ చీటీల్లో వేయవచ్చు. లేదా తల్లీతండ్రీ బడి ముఖం చూడని ఇంటి బిడ్డకు అదనంగా కొన్ని మార్కులు కలపవచ్చు. మానసిక సామర్థ్యం పేరుతో ఇచ్చే ఆ పది మార్కుల పజిళ్లను తీసేయడానికైతే చర్చ కూడా అక్కర్లేదు. అవి కొలిచేది శిక్షణ తీసుకున్నారా లేదా అన్నదే.

ప్రైవేటు బడుల విషయంలో మాత్రం నేను ఇంత మెత్తగా ఉండలేను. ప్రతి పాఠశాల నుంచీ కులాల వారీగా పిల్లల సంఖ్యను యూడైస్ కింద ప్రభుత్వం ఏటా తీసుకుంటూనే ఉంది. కులగణన చేసి బీసీలు 56 శాతమని చెప్పిన ప్రభుత్వం, ప్రవేశ పరీక్ష పెట్టే బడుల్లో ఏ కులం పిల్లలు ఎంతమంది ఉన్నారో బడి వారీగా బయటపెట్టాలి. ఆ తర్వాత 13వ సెక్షన్ కింద ఎన్ని జరిమానాలు వేశారో అదే పేజీలో ప్రకటించాలి.

ఇదంతా రాస్తూనే నా కూతురి దరఖాస్తు నింపాను. రాయకుండా ఉండలేకపోయాను, నింపకుండానూ ఉండలేకపోయాను. చట్టం తెలిసీ నా బిడ్డను ఆ వడపోతకు పంపుతున్న తండ్రిగా నన్ను విద్యార్థులు నిలదీస్తే ఒప్పుకుంటాను. నా బిడ్డ ఒక్కతే బయట నిలబడితే ఆ పరీక్ష ఆగదు, ఆమె సీటు మాత్రం పోతుంది అన్నది నా సాకు. అది సాకేనని నాకు తెలుసు. దరఖాస్తులో తండ్రి విద్యార్హత ఒక గడి, తల్లి విద్యార్హత ఒక గడి, ఇద్దరి వృత్తి, వార్షికాదాయం, ఇంట్లో మాట్లాడే భాష. కులం గడి లేదు. ఆ గడులన్నీ నిండాక దాని అవసరం ఉండదు. మొదటి గడిలో పీహెచ్‌డీ అని రాశాను. మా అక్క అయితే అక్కడ వేలిముద్ర వేయాలి.

పండగ తర్వాత మూడు ఆదివారాలు మఠంపల్లి వెళ్లి మేనల్లుడికి వృత్తాలు నింపడం నేర్పాను. మూడో వారానికి వాడి ఇంటికి వాడ పిల్లలు మరో నలుగురు వచ్చి కూర్చున్నారు. అద్దం బొమ్మల కోసం మా అక్క గోడకున్న అద్దం తీసి ఇచ్చింది. వాడి హాల్‌టికెట్ వచ్చింది. పరీక్షా కేంద్రం హుజూర్‌నగర్. నిన్న రాత్రి ఫోన్ చేసి, ‘మామయ్యా, నల్ల పెన్నే తేవాలా, నీలం పెన్ను కూడా పనికొస్తుందా?’ అని అడిగాడు.